ఎడం మోకాలు, ఎర్ర నూనె, నా తెలివి

నడిగూడెంలో నాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. పత్తి కాలంలో పొద్దున్నే నేను షట్టరు ఎత్తకముందే అరుగు మీద రైతులు కూర్చుని ఉంటారు. వాళ్లకు నేను పాడే పాట ఒకటే. డబ్బా మీద రాసింది చదవండి, రాసినంతే కలపండి, రెండు మందులు ఒకే ట్యాంకులో పోసి ప్రయోగాలు చెయ్యకండి. "పక్క చేనాయన కొట్టిండన్నా, మంచిగ పనిచేసిందంట" అన్నవాణ్ని నేను తిట్టే తిట్లు ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు. అట్లా తిట్టే మనిషి తన కారు గేర్‌బాక్సుకు ఏ వైద్యం చేశాడో ఇప్పుడు చెబుతాను. రైతులు చదివితే నా పరువు పోతుంది. పోనీ.

అంతటికీ మూలం నా ఎడం మోకాలు. చిప్ప అరిగింది, క్లచ్ తొక్కడం తగ్గించమన్నాడు డాక్టరు. కోదాడ ఊళ్లో పొద్దుగూకే వేళ క్లచ్ తొక్కడం తగ్గించడమంటే కారు అమ్ముకోవడమే. ఆటోమేటిక్ కొనమన్నాడు మా మేనల్లుడు. వాడికి చిన్న ఏఎంటీ కారు ఉంది. మన దేశంలో ఈ ఏఎంటీని సామాన్యుడి దాకా తెచ్చింది 2014లో వచ్చిన మారుతి సెలెరియో. అంతకు ముందు ఆటోమేటిక్ అంటే డబ్బున్నవాళ్ల వ్యవహారం. ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన కాలూ చెయ్యీ చేసే పని ఒక యంత్రం చేస్తుంది, అంతే తేడా. గేరు మారేటప్పుడు ఒక్క క్షణం లాగుడు ఆగి, తల ముందుకు ఊగుతుంది. మేనల్లుడి కారులో ఆ ఊపు చూసి నేను ముక్కు విరిచాను. "ఇది ఆటోమేటిక్ కాదురా, డ్రైవరును లోపల దాచిపెట్టిన మాన్యువల్" అన్నాను. మాట బాగా కుదిరిందని నాకు నేనే మురిసిపోయి, నలుగురి దగ్గరా తిరగ్గొట్టాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికి కొత్త చిన్న కారు మానేసి, హైదరాబాదులో పాత పెద్ద కారు కొన్నాను. రెండు వేల సంవత్సరం మొదట్లో తయారైనది, నాలుగు గేర్లు, టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్. కంపెనీ పేరు అక్కర్లేదు. తప్పు కంపెనీది కాదు. సూర్యాపేట దాటి మునగాల వైపు హైవే మీద వస్తుంటే గేరు ఎప్పుడు మారిందో తెలియనే లేదు. మా ఆవిడ ఆకుపాముల దాకా నిద్రపోయింది. నా జీవితంలో నేను కొన్న వస్తువును ఆవిడ మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

2024 సెప్టెంబరు మొదట్లో పడ్డ వానలు మా వైపు ఎవరూ మర్చిపోరు. కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, కోదాడలో కార్లు వాగులో కొట్టుకుపోయాయి. మా కారు మెరక మీద ఉండి బతికింది. ఆ తర్వాత రోడ్లే బతకలేదు. బాకీల వసూళ్లకు నేను ఆ గుంతల్లోనే ఊరూరా తిరిగాను. కొన్నాళ్లకు కారు నిలబడి ఉన్నప్పుడు, ముఖ్యంగా ఏసీ వేస్తే, స్టీరింగు వణకడం మొదలైంది. అద్దం మీద పెట్టిన చిన్న నరసింహస్వామి బొమ్మ టకటక కొట్టుకునేది.

నా మొదటి తెలివి ఇక్కడ పని చేసింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి వణుకుతోంది అనుకున్నాను. స్కూటరు కాలం నుంచి చేతికి ఉన్న అలవాటు. బానెట్ ఎత్తి, థ్రాటిల్ పక్కన ఐడిల్ స్క్రూ దొరికించుకుని, స్క్రూడ్రైవరుతో తిప్పాను. ఇంజను కొంచెం గట్టిగా తిరిగింది, వణుకు ఆగింది. బొమ్మ నిశ్చలంగా నిలబడింది. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి టీ పెట్టమన్నాను, మెకానిక్కుకు ఇవ్వాల్సిన డబ్బు మిగిల్చిన మగాడి గొంతుతో.

ఆ మర్నాటి నుంచి గేరు లీవరును డి లోకి లాగితే 'ధబ్' మని గుద్దేది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు ఇంకో గుద్దు. రివర్సులో పెడితే ఎవరో వెనక నుంచి బంపరును తన్నినట్టుండేది. మా ఆవిడ మెడ పట్టుకుని, "ఏమండీ, దీనికి కూడా మోకాలు పోయిందేమో చూపించండి" అంది.

ఐడిల్ పెంచింది నేను. గుద్దు మొదలైంది ఆ మర్నాడు. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి చూసుకోవడం నాకు తట్టలేదు. ఆకు ముడత వచ్చిందని రైతు చెబితే "పోయిన వారం ఏం కొట్టావు?" అని నేను మొదట అడిగే ప్రశ్న. నన్ను నేను ఆ ప్రశ్న అడగలేదు. గేర్‌బాక్సు పాడైంది, దానికి నూనె కావాలి అని తీర్పు చెప్పేసుకున్నాను.

కోదాడలో స్పేర్ పార్టుల కొట్టుకు పోయి "ఆటోమేటిక్ గేరు నూనె, ఎర్రది" అన్నాను. ఏ కారుకు, ఏ నంబరుది అని కుర్రాడు అడిగాడు. "ఎర్రదేనయ్యా, ఎరుపులో ఎన్ని రకాలుంటాయి?" అన్నాను. చాలా రకాలుంటాయి. ఆ రంగు కారితే కనిపెట్టడానికి కలిపే రంగు, అంతే. నూనె గుణానికీ దానికీ సంబంధం లేదు. పవర్ స్టీరింగులో పోసే నూనె కూడా ఎర్రగా ఉండొచ్చు. అసలు సంగతి నూనెలో కలిపే మందులది. క్లచ్ ప్లేట్లు పట్టుకునేటప్పుడు ఎంత జారాలి, ఎంత పట్టాలి అన్నది ఆ మందులే తేలుస్తాయి. అది గేర్‌బాక్సుకో రకంగా ఉంటుంది. నా దుకాణంలో తెల్లటి పొడి డబ్బాలు నలభై ఉంటాయి, అన్నీ ఒకటేనా అని ఎవడైనా అడిగితే కొట్టినంత పని చేస్తాను.

ఇంటికొచ్చి డిప్ స్టిక్ లాగాను. దాని మీద రెండు జతల గీతలున్నాయి, ఒకటి చల్లగా ఉన్నప్పటిది, ఇంకోటి వేడెక్కాక చూసేది. అప్పుడే స్టార్ట్ చేసిన బండిలో చల్లటి నూనెను వేడి గీతతో కొలిచి, "అబ్బో, ఎంత తగ్గిందో" అనుకుని గరాటు పెట్టి పోశాను. పుల్ల మీద పై గీత తడిసేదాకా పోశాను. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం గ్లవ్ బాక్సులోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. మట్టం అతిగా పెరిగితే తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలికి నూనెంత ఒత్తిడి నిలబడదు. రెండో రోజు గేరు ఒకసారి ఆలస్యంగా, ఒకసారి గుద్దుతూ పడింది. దుకాణం ముందు సిమెంటు మీద ఎర్రటి చుక్కలు. ఎవరో పాన్ ఉమ్మారని పక్క కొట్టు అబ్బాయిని తిట్టాను.

తర్వాత ఎక్కువైంది తీసెయ్యాలని తెలిసింది. డిప్ స్టిక్ గొట్టంలోకి సన్నటి ట్యూబు దించి, పశువులకు వాడే పెద్ద సిరంజితో లాగాను. కొత్త సిరంజే, దుకాణంలోదే. లాగిన నూనెను సీసాలో పోసి వెలుతురులో పెట్టి చూశాను. పాతదీ కొత్తదీ కలిసి గులాబీ రంగులో నురగ తేలుతోంది. పుల్లను చేతి రుమాలుతో తుడిచి, మళ్లీ ముంచి, మళ్లీ తుడిచి, ఒక పూటంతా అరుగు మీద ఆ పనే. అరుగు మీద ఉన్న ముసలాయన ఒకరు చాలాసేపు చూసి, "ఏం జబ్బు బిడ్డా దీనికి, గాలికుంటా?" అన్నాడు.

మా ఊరి కోటకు ఒక చరిత్ర ఉంది. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు గారి ఆదరణలో పింగళి వెంకయ్య ఇక్కడే ఉండి పత్తి మీద పరిశోధన చేశాడు. ఆయనకు పత్తి వెంకయ్య అని పేరు. విత్తనం ఏది, నేల ఏది, పోగు ఎంత పొడవు అని చూసి చూసి చెప్పిన మనిషి. ఆ కోట ముందు నుంచే నేను రోజూ సిరంజి వెనక సీట్లో పెట్టుకుని పోయేవాణ్ని.

నూనె తీశాక నురగ పోయింది గానీ గుద్దు పోలేదు. సహజంగా ఎక్కడున్నామో అక్కడికే వచ్చాం. అప్పుడైనా ఆగాల్సింది. ఆగనివ్వలేదు ఒక మాట. పూర్వం హైదరాబాదులో పెద్దింటి కార్లు నడిపిన డ్రైవరొకాయన కోదాడ బస్టాండు దగ్గర టీ తాగుతూ చెప్పాడు: "థ్రాటిల్ నుంచి గేర్‌బాక్సుకు ఒక కేబుల్ పోతది సార్. దాన్ని కొంచెం వదులు చెయ్యి. వెన్నలెక్క పడ్తయ్ గేర్లు." ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే నా ఖర్మ.

ఈ కేబుల్ ఏం చేస్తుందో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు, రాయకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర హమాలీలు బస్తాను ఒకరి వీపు మీది నుంచి ఇంకొకరి వీపు మీదికి మార్చుకోవడం చూసే ఉంటారు. మొదటివాడు వదలడం, రెండోవాడు పట్టడం ఒకే ఊపిరిలో జరగాలి. రెండోవాడు ఒక్కసారిగా గుంజుకుంటే ఇద్దరూ తూలుతారు. మరీ నిదానంగా అందుకుంటే బస్తా వీపు మీద జారుతూ చర్మం గీరుకుపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపల గేరు మారడం అచ్చం ఇదే. ఒక క్లచ్ జత వదులుతుంటే ఇంకోటి పట్టుకోవాలి. పట్టే బలం నూనె ఒత్తిడిది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే ఇంజను అంత బరువు మోపుతుంది, కాబట్టి ఒత్తిడీ అంత పెరగాలి. కాలు ఎంత తొక్కిందో గేర్‌బాక్సుకు కబురు చేరవేసేది ఆ కేబులే. పట్టు మరీ మొరటుగా ఉండకుండా అక్యుమ్యులేటర్లని స్ప్రింగు మీద కూర్చున్న చిన్న పిస్టన్లు ఉంటాయి, నూనె మొదటి తోపును అవి మింగుతాయి. ఆ మీదట మెత్తగా పడేదీ గరుకుగా పడేదీ రెప్పపాటు కాలంలో తేలిపోతుంది. మెత్తదనమంటే ఆ రెప్పపాటులో క్లచ్ ప్లేట్లు కొంచెం జారడమే. జారితే వేడి. తయారు చేసినవాళ్లు ఎంత జారితే ప్లేట్లు తట్టుకుంటాయో లెక్కగట్టి అంతే జారనిస్తారు.

నేను స్పానర్లు రెండు తీసుకుని ఆ లెక్కను వదులు చేశాను. నట్టు తిప్పాను, నడిపి చూశాను, ఇంకాస్త తిప్పాను. నిజంగానే వెన్న. ఒకటి, రెండు, మూడు ఎప్పుడు పడ్డాయో తెలియదు. గేర్‌బాక్సుకు నా కాలు తొక్కుతున్న సంగతి చేరడం లేదు, నేను మెల్లగా తొక్కుతున్నాననే భ్రమలో అది మెల్లగా పట్టుకుంటోంది. నాకు మాత్రం నేను కోదాడ నుంచి ఖమ్మం దాకా ఎవరికీ చేతకాని పని చేసినట్టుంది.

ఆ రోజుల్లో నేను చేసిన ఉపన్యాసాలు తల్చుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. మా ఊరి హైస్కూలు సారు ఒకాయన తన ఏఎంటీ కారు ఊపుతోందని నాతో అన్నాడు. "ఎర్ర నూనె మార్పించండి, కేబుల్ వదులు చేయించండి" అని చిటికెల మీద చెప్పాను. పాపం ఆయన పోయి మెకానిక్కుకు అట్లాగే చెప్పాడట. ఏఎంటీ గేర్‌బాక్సులో ఉండేది మామూలు గేరు నూనె, ఆ కేబులే ఉండదు. మెకానిక్కు నవ్వు ఆపుకుని, "మీకు ఈ సంగతి చెప్పిందెవరో ఆయన్ని ఒకసారి పంపించండి సార్" అన్నాడట. నిజానికి ఆయనకు కావాల్సిన సలహా మా మేనల్లుడు ఎప్పుడో చెప్పి ఉన్నాడు: గేరు మారబోయే క్షణంలో పాదం కొంచెం ఎత్తి, మారగానే మళ్లీ తొక్కాలి. క్లచ్ ఎంతో అరిగి ఉంటే తప్ప ఏఎంటీకి ఆ మాత్రం చాలు. "చిన్నపిల్లల మాటలు" అని కొట్టిపారేశాను నేను.

మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి పోదామని మా ఆవిడ ఎప్పటి నుంచో అంటోంది. కారు వెన్నయింది కదా, మా వదినను, వాళ్లమ్మను కూడా ఎక్కించుకున్నాను. డిక్కీ నిండా సామాన్లు. హుజూర్‌నగర్ దాటాక ఆ రోడ్డంతా సిమెంటు లారీలదే. ఒకదాని వెనక దుమ్ము తింటూ కొంత దూరం పోయి, దాటేద్దామని గట్టిగా తొక్కాను. ఇంజను గొంతు పైకి లేచింది, కారు లేవలేదు. పైన చప్పుడు, కింద ఏమీ లేదు. ఎదురుగా ఆటో. వదిలేసి మళ్లీ లారీ వెనక్కే వచ్చాను.

"ఏదో మాడుతున్న వాసన" అంది మా ఆవిడ.

"లారీ బ్రేకులవి" అన్నాను.

నాకు తెలుసు, లారీది కాదని. రబ్బరూ కాదు, పెట్రోలూ కాదు. బెల్లం పాకం అడుగంటితే వచ్చే వాసనలో కొంత చేదు కలిసింది. వెనక సీట్లోంచి పెద్దావిడ, "లారీ ముందుంది కదా నాయనా, వాసన మన కిందుగా వస్తుందేంటి?" అంది. వయసు పెరిగితే ముక్కు పని చెయ్యదని ఎవరన్నారో గానీ. ఇంకొంచెం పోయాక మూడో గేరులో కారు ఇక లాగనే లేదు. రోడ్డు పక్క వేపచెట్టు కింద ఆపాను. ఆడవాళ్లు ముగ్గురూ ఆటోలో మట్టపల్లి పోయి కృష్ణలో స్నానం చేసి, దర్శనం చేసుకుని, పులిహోర పట్టుకుని తిరిగొచ్చేదాకా నేను ఆ చెట్టు కింద బానెట్ ఎత్తి నిలబడ్డాను. దారిన పోయే ప్రతి మోటారు సైకిలాయనా ఆగి సలహా చెప్పాడు. ఒకాయన ఆ కేబులే ఇంకాస్త వదులు చెయ్యమన్నాడు.

కారును బండి మీద ఎక్కించి బెజవాడ ఆటోనగర్ పంపాను. మా వైపు వాళ్లకు పెద్ద రిపేరంటే ఇప్పటికీ హైదరాబాదు కన్నా బెజవాడే దగ్గర. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం పెట్టుకుని కూడా కృష్ణా జిల్లాలో భాగంగా ఉన్న నాటి నుంచి కాళ్లకు ఉన్న అలవాటేమో. అక్కడి మేస్త్రీ పెద్దవాడు, మాట తక్కువ. ముందు డిప్ స్టిక్ లాగి తెల్ల గుడ్డ మీద తుడిచాడు. ముదురు గోధుమరంగు మరక, మధ్యలో నల్లటి నలుసులు. గుడ్డ నా ముక్కు దగ్గర పెట్టాడు. వేపచెట్టు కింద వాసనే.

"సరే, ఇది తర్వాత" అని, కుర్రాణ్ని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టుకుని డి, ఆర్, డి, ఆర్ వెయ్యమన్నాడు. తను బానెట్ ముందు నిలబడి గేర్‌బాక్సు వంక కాదు, ఇంజను వంక చూశాడు. లీవరు కదిలినప్పుడల్లా ఇంజను ఒక పక్కకు లేచి, ధన్ మని కూర్చుంటోంది. టార్చి వేసి కింద చూపించాడు. ఇంజన్ మౌంటింగు రబ్బరు అడ్డంగా చీలిపోయి, ఇనుమూ ఇనుమూ కొట్టుకుని మెరుస్తోంది.

"గుద్దింది ఇదండీ. గేర్‌బాక్సు కాదు."

తర్వాత మీటరు చూశాడు. "ఐడిల్ ఎవరు పెంచారు?"

నేను మాట్లాడలేదు.

"మౌంటింగు పోయి వణుకొస్తే ఐడిల్ పెంచారు. ఇంజను అంత జోరుగా తిరుగుతుంటే డి లో వేస్తే గుద్దదా మరి?" అంటూ కేబుల్ దగ్గరికి వచ్చాడు. దాని మీద చిన్న లోహపు బిళ్ల ఒకటి నొక్కి ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ బిళ్ల గొట్టం అంచుకు వచ్చి నిలవాలి. కుర్రాడు నేల దాకా తొక్కాడు. బిళ్ల అంచు ముఖం చూడలేదు. మేస్త్రీ నా వైపు తిరిగాడు. ఈసారి అడగను కూడా అడగలేదు.

టీ తాగేటప్పుడు ఆయన చెప్పిన సంగతి ఒకటి మనసులో ఉండిపోయింది. కంప్యూటరున్న కొత్త గేర్‌బాక్సుల్లో చాలావాటికి ఒత్తిడిని తగ్గించి పెంచే సొలెనాయిడ్ ఒకటి ఉంటుంది. దానికి కరెంటు తెగిపోతే ఒత్తిడి సున్నాకు పడిపోదు, పూర్తిగా పెరుగుతుంది. అప్పుడు ప్రతి గేరూ గుద్దుతూ పడుతుంది. కావాలనే అట్లా పెడతారట. "గుద్దితే మనిషికి నొప్పండీ, జారితే ప్లేట్లు కాలతాయి. మనిషి ఎట్టాగూ తిట్టుకుంటా షెడ్డుకొస్తాడు. మెత్తగా ఉంటే రాడు." ఈ చివరి ముక్క అన్నప్పుడు నా వంక చూడకుండా గ్లాసులోకి చూశాడు, మర్యాదస్తుడు.

గేర్‌బాక్సు దింపి విప్పాక కాలిన క్లచ్ ప్లేట్లు చేతిలో పెట్టాడు. మంచి ప్లేటు మీద మందంగా గరుకు పూత ఉంటుంది. నాది నల్లబడి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది. పక్కనుండే ఉక్కు ప్లేటు వేడికి నీలం తిరిగింది.

కారు అక్కడ ఉన్నన్ని రోజులూ దుకాణంలో కూర్చుని, ఆలస్యంగా, ఈ విద్య గురించి చదివాను. చదివే కొద్దీ నా మొహమాటం కొంత తగ్గింది. ఈ మెత్తదనం మీద మోజు నాతో మొదలైంది కాదు. జనరల్ మోటార్స్ వాళ్లు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లకు హైడ్రామాటిక్ అనే గేర్‌బాక్సు పెట్టారు. జనం పెద్ద ఎత్తున కొన్న మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తేలిక ట్యాంకుల్లో కూడా వాడేంత గట్టిది. గేరు మారితే మాత్రం మారినట్టు తెలిసేది. అదే సంస్థలో బ్యూయిక్ వాళ్లకు అది నచ్చలేదు. 1948లో డైనాఫ్లో అని ఇంకొకటి తెచ్చారు. మామూలుగా నడిపేటప్పుడు అందులో గేర్లు మారనే మారవు, భారమంతా టార్క్ కన్వర్టరే ఈదుతుంది. గేరు మారకపోతే కుదుపెక్కడిది? పట్టులా పోయేదట. కానీ బద్ధకంగా కదిలేది, పెట్రోలు తాగేది, ఇంజను బలంలో కొంత నూనెను వేడి చెయ్యడానికే పోయేది. హైడ్రామాటిక్ వాళ్లు కూడా 1956లో కుదుపు తగ్గించడానికి లోపల రెండో ద్రవ కప్లింగు చేర్చారు. మెత్తబడింది, దాంతో పాటు తయారీ ఖర్చూ చిక్కూ పెరిగాయి. డెట్రాయిట్ ఇంజనీర్లు లక్షల డాలర్లు పోసి కొన్న మెత్తదనాన్ని నేను రెండు స్పానర్లతో ఉచితంగా తెద్దామనుకున్నాను.

నూనె సంగతి ఇంకా వింత. ఒకప్పుడు అమెరికాలో ఆటోమేటిక్ నూనెలో తిమింగలం నూనె కలిపేవారు. స్పెర్మ్ వేల్ నూనె. క్లచ్ ప్లేట్లు పట్టుకునే క్షణంలో కీచుమనకుండా, అదరకుండా జారనివ్వడానికి అంతకు మించింది దొరకలేదట. 1970ల మొదట్లో తిమింగలాలను కాపాడే చట్టాలు రావడంతో దాన్ని ఆపి, ప్రయోగశాలలో చేసిన మందుల వైపు మళ్లారు. ఇది చదివాక కోదాడ కొట్టులో "ఎరుపులో ఎన్ని రకాలుంటాయి" అన్న నా గొంతు నాకే వినిపించింది. ఆ కుర్రాడి దగ్గరికి పోయి ఒక మాట అందామనుకున్నాను గానీ, ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే అవతలి పక్క నడుస్తున్నాను.

ఇప్పటి కార్లు ఈ పని ఎంత నాజూకుగా చేస్తున్నాయో చూస్తే అసూయ కలుగుతుంది. గేరు మారే క్షణంలో కంప్యూటరు ఇంజను బలాన్ని ఒక్క రెప్పపాటు తగ్గిస్తుంది. అంటే మా మేనల్లుడు చెప్పిన పాదం ఎత్తడమే, మనిషికి తెలియకుండా. ప్లేట్లు అరిగే కొద్దీ ఏ క్లచ్ ఎంతసేపట్లో పట్టుకుంటోందో కొలుచుకుని, మరుసటిసారికి ఒత్తిడి సవరించుకుంటుంది. నా పాత కారులో ఆ కంప్యూటరు స్థానంలో నా కాలు ఉంది. కుడికాలు. ఎడం కాలుకు జబ్బు చేసిందని ఇంత కథ నడిపిన నేను, బాగున్న కాలును కొంచెం ఎత్తి దించే పని చెయ్యలేదు. ఇప్పుడు చేస్తున్నాను. ఒకటి నుంచి రెండుకు మారబోతుంటే పాదం రవ్వంత తేలిక చేస్తే, పడిందా లేదా అన్నంత మెత్తగా పడుతుంది.

కారు తిరిగొచ్చింది. కొత్త మౌంటింగు, ఐడిల్ పాత చోటికి, కేబుల్ బిళ్ల అంచుకు, నూనె పుస్తకంలో రాసిన రకం. పుస్తకం ప్లాస్టిక్ కవరు మేస్త్రీయే చించాడు. గేరు పడితే చిన్నగా ఒక పట్టు తెలుస్తుంది. మా ఆవిడ "ఇంకా కొంచెం కొడుతోందండీ" అంది. ఉండనిమ్మన్నాను. హైస్కూలు సారుకు మాత్రం మేనల్లుడి సలహా మేనల్లుడి పేరుతోనే చెప్పాను. ఆయన నమ్మలేదు, నా నోటి నుంచి వచ్చింది కదా.

అరుగు మీది ముసలాయన ఈ మధ్య పత్తికి రెండు మందులు కలిపి కొట్టి వచ్చాడు. ఆకులు మాడాయి. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపు కారు వైపు చూసి, "గాలికుంటు తగ్గిందా?" అన్నాడు. తిట్టకుండా మందు ఇచ్చి పంపాను.

ఇక డబ్బు. చిరిగిన మౌంటింగు ఖరీదు నాలుగంకెలు. కాలిన గేర్‌బాక్సు ఖరీదు ఆరంకెలకు ఒక్క అడుగు ఇవతల ఆగింది. మా ఆవిడకు మౌంటింగు బిల్లు ఒక్కటే చూపించాను, అది చూసే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. రెండోది దుకాణంలో, పోయిన సంవత్సరం పత్తి విత్తనాల రసీదుల కట్టలో ఉంది. ఆవిడ పత్రికలు చదవదు, ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను. మా వదిన చదువుతుందని రాసేశాక గుర్తొచ్చింది.